ఫైర్‌ప్లేస్‌కి గాజు తలుపులా, మెష్ తెరా? రెండు నెలల తిప్పల తర్వాత నాకు తెలిసింది ఇదీ

జనవరిలో ఒక శనివారం రాత్రి. బయట మైనస్ 11 డిగ్రీలు. బోస్టన్ శివార్లలో అక్కావాళ్ళు కొత్తగా కొన్న పాత ఇంట్లో, హాల్లో ఫైర్‌ప్లేస్ ముందు అందరం కూర్చున్నాం. టప్పుమని ఒక శబ్దం. కట్టెలోంచి నిప్పురవ్వ ఎగిరి, వేలాడుతున్న పాత మెష్ కర్టెన్ సందులోంచి దూరి, రగ్గు మీద పడింది. బావ చెప్పుతో నొక్కేశాడు. రగ్గుకి శనగగింజంత చిల్లు.

అది పెద్ద విషయం కాదు. కానీ ఆ చిల్లు ఉన్నచోటే ఐదు నిమిషాల ముందు వరకు మా మేనల్లుడు, పదమూడు నెలల చిన్నోడు, కూర్చుని డబ్బాలు పేర్చుకుంటున్నాడు. అన్నం పెట్టడానికి అమ్మ అప్పుడే ఎత్తుకెళ్ళింది.

అక్క మొహం మారిపోయింది. "రేయ్, రేపే దీనికి గ్లాస్ డోర్స్ పెట్టించు. నువ్వే కదా అందరికీ ఏది కొనాలో చెప్తావు" అంది. అమ్మ మాత్రం నవ్వింది. "పొయ్యికి తలుపులేంట్రా?"

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే నాకు ఇది కొత్త సబ్జెక్టే. కానీ ఇంట్లో పని కాబట్టి ఫోన్ కొనేటప్పుడు స్పెక్ షీట్ చదివినట్టే మొదలుపెట్టాను. మధ్యలో రెండు తప్పులు చేశాను, ఒకదానికి డబ్బులు కూడా కట్టాను. అమెరికాలో పాత ఇల్లు కొన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు మన రీడర్స్‌లో చాలామందే ఉన్నారు. మీరు ఆ తప్పులు చెయ్యకుండా ఉంటే చాలు.

ముందు మీ ఫైర్‌ప్లేస్ ఏ రకమో చూడండి

ఫోన్ మోడల్ తెలియకుండా బ్యాక్ కవర్ కొనం కదా. ఇదీ అంతే. రకం తెలియకుండా తలుపులు ఆర్డర్ పెట్టొద్దు.

మొదటిది మేసనరీ. ఇటుకలతో, సున్నంతో కట్టినది. లోపల తల పెట్టి చూస్తే ఇటుకల మధ్య అతుకులు కనిపిస్తాయి, పైన ఇటుకల చిమ్నీ ఉంటుంది. మా ఇల్లు 1960లలో కట్టింది, కాబట్టి మాది ఇదే. దీనికి తలుపులు ఎంచుకోవడంలో స్వేచ్ఛ ఎక్కువ.

రెండోది ఫ్యాక్టరీలో తయారై వచ్చినది. దీన్ని ప్రీఫ్యాబ్ అంటారు, జీరో క్లియరెన్స్ అని కూడా అంటారు. బయట ఇనుప డబ్బా, లోపల ఇటుకల్లా కనిపించే పలకలు, పైన లోహపు గొట్టం. లోపల అంచు దగ్గర ఎక్కడో ఒక రేటింగ్ ప్లేట్ మీద కంపెనీ, మోడల్ నంబర్ ఉంటాయి. ఈ డబ్బా చుట్టూ ఉన్న సందుల్లోంచి గాలి తిరిగి దాన్ని చల్లబరుస్తుంది. ఏవో తలుపులు తెచ్చి ఆ సందులు మూసేస్తే వేడి గోడలోని చెక్క ఫ్రేముకి చేరుతుంది. అందుకే దీనికి ఆ మోడల్‌కి ఆమోదించిన తలుపులే పెట్టాలి. కొలత సరిపోయిందని పెట్టెయ్యడం చాలా ప్రమాదం.

మూడోది గ్యాస్. డాలస్, అట్లాంటా వైపు కొత్త ఇళ్ళలో ఉన్న మన ఫ్రెండ్స్ చాలామంది దగ్గర చూసింది ఇదే. స్విచ్ నొక్కితే మంట, ముందు కదలని గాజు. ఆ గాజు ఆ మెషిన్‌లో భాగం. దాన్ని మార్చడం, తీసెయ్యడం మన పని కాదు. దీని సంగతి కింద విడిగా రాశాను, పిల్లలున్నవాళ్ళు తప్పకుండా చదవండి.

గాజు స్పెక్స్: టెంపర్డ్, సిరామిక్

తలుపుల్లో ప్రధానంగా రెండు రకాల గాజు వస్తుంది. ధరలో తేడా ఎక్కువ, చూడ్డానికి తేడా దాదాపు ఉండదు.

టెంపర్డ్ అంటే మన ఫోన్ స్క్రీన్ గార్డ్ మీద రాసి ఉండే అదే మాట. మామూలు గాజుని వేడి చేసి చటుక్కున చల్లారిస్తే పైపొర బిగుసుకుని గట్టిపడుతుంది. పగిలితే కత్తుల్లా కాకుండా చిన్న చిన్న పలుకుల్లా రాలుతుంది. కానీ ఇది సుమారు 250 డిగ్రీల సెల్సియస్ వరకే తట్టుకుంటుంది. నిండుగా మండే కట్టెల ముందు మూసిన గాజు అంత వేడెక్కడం పెద్ద కష్టం కాదు.

సిరామిక్ గాజు కథ వేరు. ఇది సుమారు 700 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. వేడికి వ్యాకోచించడం దాదాపు ఉండదు కాబట్టి ఒక్కసారిగా వేడెక్కినా, చల్లబడినా పగలదు. కట్టెల స్టవ్‌ల కిటికీలకు వాడేది ఇదే. ఈ జాతి పదార్థం దొరికిందే పొరపాటున. 1953లో కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే శాస్త్రవేత్త ఒక గాజుముక్కని 600 డిగ్రీల దగ్గర వేడి చెయ్యబోతే ఫర్నేస్ 900కి పోయింది. కరిగిపోయి ఉంటుందనుకుంటే తెల్లగా, గట్టిగా మారింది. చెయ్యి జారి కిందపడినా పగల్లేదు. 2020లో ఐఫోన్ 12కి వచ్చిన సిరామిక్ షీల్డ్‌ని ఆపిల్ చేయించుకుంది కూడా కార్నింగ్‌తోనే. అదీ గాజులో సిరామిక్ స్ఫటికాలు పెంచే పద్ధతే. అక్కడ పని కిందపడినా పగలకుండా ఉండటం, ఇక్కడ పని వేడికి పగలకుండా ఉండటం.

ఇప్పుడు అసలు పాయింట్. టెంపర్డ్ గాజు తలుపులున్న మేసనరీ ఫైర్‌ప్లేస్‌లో మంట ఉన్నంతసేపూ తలుపులు పూర్తిగా తెరిచే ఉండాలి, రవ్వలు ఆపడానికి వెనక మెష్ మూసి ఉండాలి. మంట ఆరి నిప్పులు మిగిలాకే తలుపులు మూస్తారు. మంటని గాజు వెనక పెట్టి చూసుకుంటాం అనుకుని కొనేవాళ్ళకి ఇది షాకే. నాకూ షాకే. సిరామిక్ అయితే మూసి మండించవచ్చు, అదీ ఆ తలుపుల తయారీదారు మాన్యువల్‌లో అలా రాస్తేనే.

నా మొదటి తప్పు: ఒక్క కొలత

ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని మధ్యలో వెడల్పు కొలిచాను. 36 అంగుళాలు. ఎత్తు 28. ఆన్‌లైన్‌లో రెడీమేడ్ సైజు చూసి ఆర్డర్ పెట్టేశాను. ఐదు రోజుల్లో వచ్చింది. బావా నేనూ ఎత్తి పెట్టి చూస్తే కింద ఎడమ మూలలో బొటనవేలు దూరేంత సందు. ఆ మూల ఇటుక అరిగిపోయింది, పైగా వెడల్పు కింద ముప్పావు అంగుళం ఎక్కువ. వెనక్కి పంపితే 15 శాతం కోత పెట్టారు. షిప్పింగ్ కూడా మనదే.

చేతితో కట్టిన ఇటుకల నోరు ఎప్పుడూ సరైన దీర్ఘచతురస్రం కాదు. కాబట్టి:

- వెడల్పు పైనా, మధ్యలో, కిందా కొలవండి. ఎత్తు ఎడమా, మధ్యలో, కుడీ కొలవండి.
- రెండు కర్ణాలూ కొలవండి. అవి సమానంగా లేకపోతే నోరు వంకరగా ఉన్నట్టు.
- పైభాగం కమానులా ఉంటే కొలతలు చాలవు, అట్టముక్క పెట్టి గీసి కత్తిరించండి.
- ముందున్న రాతి అరుగు సమంగా ఉందో లేదో లెవెల్ పెట్టి చూడండి. ఫోన్‌లో ఉండే లెవెల్ యాప్ చాలు.

ఫ్రేము రెండు రకాలుగా కూర్చుంటుంది. ఓవర్‌ల్యాప్ అంటే ఫ్రేము నోటికన్నా కాస్త పెద్దగా ఉండి, ఇటుకల ముఖం మీద ఆనుతుంది. అరిగిన అంచుల్ని దాచేస్తుంది. ఇన్‌సైడ్ అంటే నోటి లోపల ఇమిడిపోతుంది. అందంగా ఉంటుంది కానీ కొలత తప్పితే దాచుకోవడానికి ఏమీ ఉండదు. మా ఇటుకల సంగతి తెలిశాక ఓవర్‌ల్యాప్‌లోనే, మా కొలతకి చేయించే రకం ఆర్డర్ పెట్టాం. టెంపర్డ్ గాజుతో కొటేషన్ 900 డాలర్ల దగ్గర వచ్చింది. సిరామిక్ కావాలంటే ఇంకో 500 పైన.

విడి తెర: చవక, కానీ ఒక ప్రాబ్లమ్ ఉంది

చేయించే తలుపులు రావడానికి వారాలు పడుతుంది. ఈలోగా 70 డాలర్లు పెట్టి మూడు మడతల మెష్ తెర తెచ్చాను. నల్లటి ఇనుప ఫ్రేము, సన్నటి అల్లిక, ముందు నిలబెట్టడమే. రవ్వలు ఆపడంలో పదికి తొమ్మిది మార్కులు. మంట బాగా కనిపిస్తుంది, వేడి బాగా వస్తుంది, డ్రిల్లింగ్ లేదు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళూ వాడొచ్చు.

మూడో రోజు మధ్యాహ్నం, పొయ్యి చల్లగా ఉన్నప్పుడు, చిన్నోడు పాక్కుంటూ వెళ్ళి దాని పిడి పట్టుకుని లేచి నిలబడ్డాడు. తెర వాడితో పాటే ముందుకి వాలింది. అమ్మ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. అదే రాత్రి మంట ఉన్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఆ పిడిని కొలిస్తే 60 డిగ్రీల పైనే చూపించింది.

రవ్వలు ఆపే తెర పిల్లల్ని ఆపదు. ఈ రెండూ వేరే పనులు. ఆ రోజు నుంచి తలుపులొచ్చే వరకు చిన్నోడు మెలకువగా ఉన్నంతసేపూ పొయ్యి వెలిగించలేదు.

ఇక్కడ గ్యాడ్జెట్ టిప్ ఒకటి. ఈ థర్మామీటర్ గన్ గాజు మీద బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అది చూసే తరంగాలకి గాజు పారదర్శకం కాదు, గాజు ఉపరితలాన్నే కొలుస్తుంది. మెరిసే ఇత్తడి, స్టీల్ మీద మాత్రం అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. అలాంటిచోట ఒక నల్లటి మ్యాట్ రంగు మచ్చ వేసి దాని మీద కొలవండి. రీడింగ్ తక్కువ వచ్చింది కదా అని చెయ్యి పెట్టకండి.

తలుపులొచ్చాయి, రెండో తప్పు చేశాను

ఫిబ్రవరి చివర్లో తలుపులు బిగించారు. నల్లటి ఫ్రేము, మడిచే రెండు జతల గాజు తలుపులు, వెనక మెష్. హాల్ రూపే మారిపోయింది. అక్క వెంటనే ఫోటో తీసి స్టేటస్ పెట్టింది.

రెండో రాత్రి నిండుగా మంట ఉంది. తలుపులు తెరిచి, మెష్ మూసి ఉంచాం. పడుకున్న చిన్నోడు లేచి, అప్పుడే వచ్చిన కొత్త నడకతో తప్పటడుగులు వేస్తూ నేరుగా మంట వైపే వచ్చాడు. నేను కంగారుపడి గాజు తలుపులు మూసేశాను. వాణ్ణి అక్క ఎత్తుకెళ్ళింది. మాటల్లో పడి మర్చిపోయాను. పావుగంట తర్వాత గన్ పెట్టి చూస్తే గాజు 238 డిగ్రీలు.

పక్కన నిలబడి, మందపాటి గ్లౌజులు వేసుకుని కొద్దికొద్దిగా తెరిచాను. గాజు పగల్లేదు. అదృష్టం, అంతే. మాన్యువల్‌లో నాలుగో పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నేను చదవలేదు. ఎర్రర్ లాగ్ చదవకుండా టికెట్ రైజ్ చేసే వాళ్ళని రోజూ తిట్టుకునే నేనే.

ఆ రాత్రే ఇంకో సంగతి చూశాను. మంట పూర్తిగా ఆరిన గంట తర్వాత కూడా గాజు 70 డిగ్రీలకు పైనే ఉంది. ఎర్రగా కనిపించదు, పొగ రాదు, చల్లగా ఉన్న కిటికీ లాగే ఉంటుంది. పిల్లలకి మంట చూస్తే కొంచెమైనా భయం ఉంటుందేమో, నల్లటి గాజుని చూస్తే ఎందుకు ఉంటుంది? రెండు అరచేతులూ ఆనించి తొంగి చూడటమే వాళ్ళ అలవాటు. మేము పిల్లాడి కోసమని తెచ్చిన వస్తువే ఇప్పుడు వాడికి అందే ఎత్తులో ఉన్న పెనం అయింది.

గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉన్నవాళ్ళకి

ఇదే కారణంతో అమెరికాలో గ్యాస్ ఫైర్‌ప్లేస్ ప్రమాణాలు మార్చారు. 2015 జనవరి 1 తర్వాత తయారైన వాటిలో ముందు గాజు 172 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 78 సెల్సియస్ దాటేట్టుంటే, దానికి రక్షణ మెష్ తెర కలిపే ఇవ్వాలి. అంతకుముందు తయారైన వాటికి ఈ తెర ఉండకపోవచ్చు, వాటి గాజు 260 డిగ్రీల సెల్సియస్ పైకి కూడా పోగలదు. పాత ఇల్లు కొంటే రేటింగ్ ప్లేట్ మీద తయారీ తేదీ, మోడల్ చూసి ఆ కంపెనీ నుంచే సరిపోయే తెర తెప్పించండి. ఇంటీరియర్ లుక్ బాగుంటుందని ముందున్న తెరని పీకేసిన ఇళ్ళు నేనే చూశాను. దయచేసి మళ్ళీ పెట్టించండి.

కట్టెల ఫైర్‌ప్లేస్‌లో గ్యాస్ లాగ్స్ పెట్టుకున్నవాళ్ళు కూడా మండించేటప్పుడు సాధారణంగా గాజు తలుపులు తెరిచే ఉంచాలి, మాన్యువల్ చూడండి.

తలుపుల వల్ల నిజంగా లాభం ఎక్కడ?

మంట వేడిలో ఎక్కువ భాగం చిమ్నీలోంచే పోతుంది. పైగా గదిలోని వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది. రాత్రి పడుకునేటప్పుడు నిప్పులు మిగిలే ఉంటాయి కాబట్టి డ్యాంపర్, అంటే చిమ్నీ గొంతులో ఉండే మూత, వెయ్యకూడదు. వేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకొస్తుంది. మూత తెరిచి ఉంటే తెల్లారేదాకా హీటర్ వేడి చిమ్నీ పాలు. గాజు తలుపులు పనికొచ్చేది ఇక్కడే. నిప్పుల మీద తలుపులు మూసి, డ్యాంపర్ తెరిచే ఉంచితే గదిలో గాలి పోవడం బాగా తగ్గుతుంది. మా స్మార్ట్ థర్మోస్టాట్ లాగ్‌లో తలుపులు మూసిన రాత్రుల్లో హీటర్ ఆన్ అయినవి తక్కువ సార్లు. నాలుగైదు రాత్రుల లెక్కే ఇది, ల్యాబ్ టెస్ట్ కాదు.

ఇల్లు వెచ్చబడటమే మీ ఉద్దేశమైతే మాత్రం తలుపుల మీద డబ్బు పెట్టకండి. ఆ నోట్లోనే ఇమిడే కట్టెల ఇన్‌సర్ట్ స్టవ్ గురించి ఆలోచించండి. ఖర్చు చాలా ఎక్కువ, కానీ ఆ పనికి తయారైంది అదే.

ఇంకా కొన్ని:

- సీఓ అలారం: మసాచుసెట్స్‌లో 2006 నుంచే ఇళ్ళలో తప్పనిసరి. మీ రాష్ట్రంలో రూల్ ఎలా ఉన్నా పెట్టుకోండి.
- చిమ్నీ తనిఖీ: ఏడాదికోసారి. లోపల పేరుకునే క్రియోసోట్ మసి అంటుకుంటే చిమ్నీయే మండుతుంది.
- తేమ మీటర్: 30 డాలర్ల లోపే వస్తుంది. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. మా రగ్గుకి చిల్లు పెట్టిన కట్టెల్ని పగలగొట్టి మధ్యలో కొలిస్తే 31. అమ్మ మీటర్ లేకుండానే రెండు కట్టెల్ని తాటించి శబ్దం విని "పచ్చివి" అని చెప్పేసింది. ఏలూరు దగ్గర మా ఊళ్ళో కట్టెల పొయ్యి మీద ఇరవై ఏళ్ళు వండిన మనిషి మరి.
- బూడిద: నివురుగప్పిన నిప్పు అన్నది ఊరికే అనలేదు. పైకి చల్లగా ఉన్నా లోపల రోజుల తరబడి నిప్పు ఉంటుంది. మూతున్న ఇనుప బకెట్‌లో వేసి ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో పెట్టండి. పేపర్ బ్యాగు, ప్లాస్టిక్ చెత్తడబ్బా వద్దు.
- పైన టీవీ: చాలా టీవీలకి చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటకూడదు. మంట వేసిన గంటకి టీవీ ఉండే చోట థర్మామీటర్ పెట్టి చూశాకే గోడకి బిగించండి. మాది 47 వచ్చింది. టీవీ పక్కగోడకి మారింది.

చివరికి ఏం చేశాం?

మూడో వస్తువు కొన్నాం. ఐదు పలకల హార్త్ గేటు, గోడకి స్క్రూలతో బిగించే రకం, గాజుకి రెండడుగుల దూరంలో. 130 డాలర్లు. మంట ఉన్నప్పుడు గేటు మీద 31 డిగ్రీలు. చిన్నోడు పట్టుకుని ఊపినా కదల్లేదు.

అక్కకి ఇది నచ్చలేదు. "ఇంత ఖర్చు పెట్టి పెట్టించిన తలుపుల ముందు జైలు ఊచలేంట్రా" అంది. నేను గన్ తెచ్చి గాజు మీద పెట్టి రీడింగ్ చూపించాను. తర్వాత గేటు తాళం ఎలా వెయ్యాలో అడిగింది.

అమ్మ ఒక రూల్ పెట్టింది. పొయ్యి వెలిగి ఉన్నంతసేపూ పెద్దవాళ్ళలో ఒకరు దాని పక్కనే కూర్చోవాలి, ఫోన్ పట్టుకోకూడదు. "తలుపులు ఎన్నైనా పెట్టుకోండి, పొయ్యి దగ్గర మనిషి ఉండాల్సిందే. మీ ఇద్దరూ పెరిగింది తలుపుల్లేని పొయ్యి పక్కనే, నేను కూర్చున్నాను కాబట్టి" అంది. గ్యాడ్జెట్ సైట్‌కి రాసే నేను దీనికి ఏం మార్కులు వెయ్యను?

ఎవరికి ఏది?

- అద్దె ఇల్లు, పిల్లలు లేరు, అప్పుడప్పుడు మంట: విడి మెష్ తెర చాలు. నోటికన్నా కాస్త పెద్దది, బరువైనది తీసుకోండి.
- సొంత మేసనరీ ఫైర్‌ప్లేస్, వారానికి రెండు మూడు సార్లు: మెష్‌తో కలిపి టెంపర్డ్ గాజు తలుపులు, ఓవర్‌ల్యాప్ ఫిట్. మంటలో తెరిచి, నిప్పుల మీద మూసి.
- మూసి మండించాలి: సిరామిక్ గాజు, మాన్యువల్‌లో అనుమతి ఉంటేనే. వేడి కొంత గాజు దగ్గరే ఆగిపోతుందని గుర్తుపెట్టుకోండి.
- ప్రీఫ్యాబ్: రేటింగ్ ప్లేట్ ఫోటో తీసి, ఆ మోడల్‌కి ఆమోదించినవే.
- నడక నేర్చుకునే పిల్లలున్న ఇల్లు: పైవాటిలో ఏది కొన్నా, దాని ముందు గోడకి బిగించే గేటు. బడ్జెట్ తక్కువైతే ముందు గేటు, మెష్ కొనండి. గాజు వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

మేము వరస తప్పాం. గేటు అన్నిటికన్నా ముందు కొనాల్సింది, చివర్లో కొన్నాం. మధ్యలో పిల్లాడికి ఏమీ కాలేదు. రగ్గు మీద చిల్లు మాత్రం అలాగే ఉంది. కొత్తది కొందామంటే అక్క వద్దంది, వచ్చినవాళ్ళందరికీ చూపించి మరీ చెప్తోంది.